రెండో విజిల్

"ఒగసారి వచ్చి విజిల్ ఊదు సాబూ, గొర్రెలు కదల్లా!" అంటూ గొర్రెలకాపరి చౌడప్ప ఇమాంసాబు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

చిలమత్తూరు పక్కన బెంగుళూరు షోకిలాలు క్లబ్బు పెట్టి సరదాకి చిన్న విమానాలు నడిపిన మైదానమది. మొదటి విజిల్‌కు గొర్రెల్ని సున్నపుగీత దగ్గర ఆపడం, విమానం దిగాక రెండో విజిల్‌తో దాటించడం పన్నెండేళ్లు ఇమాంసాబు ఉద్యోగం. పోయిన నెల క్లబ్బు మూసేసి, ప్లాట్లు వేసి, హద్దురాళ్లు పాతారు. గొర్రెలు మాత్రం పాత సున్నపుగీత దగ్గరే నిలబడిపోయాయి.

"పన్నెండేండ్లు నన్ను తిట్టినావే, ఇప్పుడు నా విజిలే కావాల్నా?"

"నిన్ను తిట్టకుంటే నాకు పొద్దు యాడ పోతాది? ఊదప్పా. ఇంగ విమానాలు రావని ఎంత చెప్పినా ఇనవు. గొర్రెబుద్ధి, నేనేం జేసేది!"

ఉద్యోగం పోయినా విజిల్ ఇమాంసాబు జేబు వదల్లేదు. తీసి గట్టిగా ఊదాడు. మంద మొత్తం హద్దురాళ్ల మీదుగా దూకుతూ అవతలికి పోయింది.

చౌడప్ప మాత్రం గీత దగ్గరే ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, విమానాలు వచ్చే తూర్పు ఆకాశం చూశాడు.

"ఏమప్పా, నీకు వేరేగా ఊదాల్నా?" అని నవ్వాడు ఇమాంసాబు.

అలా నవ్విన మనిషి కూడా అటే చూస్తున్నాడు.