చేతి క్లచ్

“తాళం ఇవ్వకు బావా! ఒక్క ఐదు నిమిషాలు ఆగు!”

అట్టపెట్టెను గుండెలకు హత్తుకుని, రొప్పుతూ షెడ్డులోకి వచ్చాడు బావమరిది. అప్పటికే బావ చేతిలోని ట్రాక్టరు తాళం, కొనడానికి వచ్చిన పెద్దమనిషి చేతికి జానెడు దూరంలో ఉంది. గుమ్మంలో నిలబడ్డ అక్కకి తమ్ముణ్ణి చూడగానే ప్రాణం లేచొచ్చింది.

“వచ్చావా బొమ్మలాయనా?” అన్నాడు బావ, చంకకర్రల మీద ఒరిగి. “పోయేముందు అసలు ట్రాక్టరు ఎలా ఉంటుందో చూద్దామనా?”

వేళాకోళమే గానీ గొంతులో పస లేదు. ఎడమకాలు మోకాలి దాకా తీసేసి ఏడు నెలలైంది. ఆ తర్వాత ఆయన ఈ షెడ్డులో అడుగుపెట్టడం ఇదే మొదలు. అదీ బండిని వదిలించుకోవడానికి.

బావమరిది పెట్టె విప్పి, బొమ్మను బల్లమీద పెట్టాడు. షెడ్డులో ఉన్న బండే అది, పదహారో వంతు సైజులో. కొట్లో కొన్న బొమ్మకి మెరిసే రంగంతా గీకేసి, ఎండకి వెలిసిన ఎరుపు వేశాడు. కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి మడ్‌గార్డు చేశాడు. పెన్ను రీఫిల్లు పొగగొట్టమైంది. సీటు చిరుగు మీద నల్లటేపుతో సహా అన్నీ ఉన్నాయి.

“ఈ సొట్ట కూడా పెట్టావా?”

“గేటుకి గుద్దింది నువ్వేగా బావా.”

“మీ అక్క గుద్దింది. నేను నామీద వేసుకున్నానంతే.”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ!” అంది అక్క. అంటూనే నవ్వేసింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

“అసలు సంగతి వేరే ఉంది. స్టీరింగు పక్కన లివరు చూడు. వేలితో లాగు.”

బావ లాగాడు. కింద క్లచ్ పెడల్ దానంతటదే దిగింది. వదిలాడు. పైకి లేచింది.

“చేతి క్లచ్. ఎడమకాలితో పనే లేదు. బొమ్మలో కుదిరింది, బండిలో కుదరదా? లేత్ షాపాయన్ని అడిగాను. వారం పనే అన్నాడు.”

బావ మళ్ళీ లాగాడు. మళ్ళీ, మళ్ళీ లాగాడు. ఒక చంకకర్ర జారి కిందపడితే దాని వైపు చూడనైనా లేదు.

“మీరు కాసేపు కూర్చోండి,” అని పెద్దమనిషికి స్టూలు చూపించి, తాళం జేబులో వేసుకున్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంది.

“ఒరేయ్, నీ పిచ్చి ఊరికే పోలేదురా. చక్రానికి బోల్టులు కూడా బిగించావే!”

“ఎనిమిది ఉండాలి. నీ బండికి ఒకటి ఊడిపోయిందిగా, ఏడే పెట్టాను.”

“అయితే ఏదీ వదల్లేదన్నమాట.”

“ఏదీ వదల్లేదు. ఉన్నది ఉన్నట్టు చేశాను.”

బావ బొమ్మను కళ్ళ దగ్గరికి ఎత్తుకున్నాడు. సీటు మీద వేలెడంత డ్రైవరు కూర్చుని ఉన్నాడు. తన నీలం చొక్కాయే. తన నెరిసిన మీసమే. ముచ్చటపడి పక్కకి తిప్పి, లోపలికి తొంగిచూశాడు. డ్రైవరు కాళ్ళ దగ్గర వేలు పెట్టి తడిమాడు.

బావమరిది బొమ్మ కోసం చెయ్యి చాపాడు. “అదొక్కటీ... తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు బావా. రేపు సరిచేస్తాను.”

బావ బొమ్మను మెల్లగా బల్లమీద పెట్టాడు. జేబులోంచి తాళం తీసి పెద్దమనిషి అరచేతిలో ఉంచాడు.

“ఆ సీటు మీద నన్ను ఉన్నది ఉన్నట్టు చూడటం నీ వల్ల కూడా కాలేదు,” అన్నాడు. “రెండు కాళ్ళున్నవాడికి చేతి క్లచ్ ఎందుకురా?”