తొట్టిలో కంద

మట్టిని మనిషికి ఒక తొట్టెడు చొప్పున కొలిచి ఇచ్చే రోజులవి. మూడు నెలల్లో దుంప చూపించకపోతే ఆ మట్టి వేరే ఇంటికి పోతుంది. అందుకే ఆ అపార్ట్‌మెంట్‌లో అందరూ ముల్లంగి వేశారు. సూరాయమ్మ మాత్రం కంద వేసింది.

ఐదో నెలలో మట్టి శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"గడువు దాటి రెండు నెలలైంది మామ్మా. తొట్టి ఖాళీ చెయ్యి."

"కంద ఊరడానికి తొమ్మిది నెలలు పడుతుంది బాబూ. ఇంకో నాలుగు నెలలు ఆగు."

"మా జాబితాలో కందే లేదు. నువ్వు కూడా లేకపోతే మాకు ఇంకా సుఖం."

సూరాయమ్మ మరి బతిమాలలేదు. అతను మొక్కను పెరికి, మట్టంతా సంచిలోకి దులుపుకున్నాడు. పిడికిలంత దుంపను రెండుగా కోసి, "ఇదా నీ పంట?" అంటూ అరచేతుల్లో నలిపాడు. చేతికి నూనె రాసుకోకుండా పచ్చి కందను ముట్టుకోకూడదని అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు.

మెట్లు దిగీదిగకముందే చేతులూ మెడా గోక్కుంటూ తిరిగొచ్చాడు.

"మంటెత్తిపోతోంది మామ్మా! దేంతో కడుక్కోవాలి?"

ఆ దురదకు విరుగుడు చింతపండు. అది వంటింట్లో డబ్బా నిండా ఉంది. సూరాయమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"మట్టితో రుద్దుకో నాయనా. నా దగ్గరైతే లేదు, నీ సంచిలో ఉంది చూడు," అని తలుపు వేసుకుంది.