పద్నాలుగో స్టేజీ

“గమనించడమంటే ఇదీ!” అంటూ మాస్టారు కాగితాల కట్ట పైకెత్తి చూపించారు. “ఏడు వారాలు ఈ కిటికీలోంచే ఒకణ్ణి చూసింది. మనిషిని పలకరించలేదు, వెంటపడలేదు. గొడుగు చాటున మొహం కనబడలేదు. అయినా వచ్చే టైము, పోయే టైము, ఎటు తిరిగి కూర్చున్నాడో, చివరికి గొడుగుకి ఎడమవైపు వేసిన ఆకుపచ్చ గుడ్డ మాసిక కూడా వదల్లేదు.”

అది గూఢచార సమాచార విశ్లేషణలో పీజీ తరగతి. చదివేవాళ్ళంతా ఉద్యోగాల్లో తలపండిన భద్రతాధికారులే. ఆ కాగితాలు రాసింది రేవులో పనిచేసే ఆఫీసరమ్మ.

“ఆవిడ కన్ను పడితే చీమైనా గుర్తింపు కార్డు చూపించాల్సిందే,” అన్నాడు వెనక బెంచీ ఎయిర్‌పోర్టాయన. అందరూ నవ్వారు.

“పోయినేడాది కాగితాలు మాస్టారూ, ఇంకా ఎన్నిసార్లు చూపిస్తారు?” అంది ఆమె. లోపల మాత్రం బాగానే ఉంది. “తొంభై ఆరు వేశారు సరే, ఆ నాలుగూ ఎందుకు కోశారు?”

“ఒక్కటే ఊహ రాశావమ్మా. చెడుకే వచ్చాడని. మంచికి వచ్చాడేమో అన్న గడి నీ పట్టికలో లేదు.”

“ఈ కాగితాలు చూసి కాలేజీవాళ్ళు ఆ గొడుగు మనిషిని ఏనాడో పంపేశారు కదా. ఇప్పుడెందుకు లెండి,” అని ఆమె పుస్తకం మూసేసింది.

ఆదివారం పొద్దున్నే వదిన వచ్చింది. అన్నయ్య పోయి ఆరు నెలలు. వదిన చేతిలో ఒక ఇనప ఊచ, దాని నిండా గుచ్చిన బస్సు టికెట్లు. అన్నయ్య ఒకప్పుడు గోడౌన్‌లో స్టోర్‌కీపరు. చిన్న చీటీ అయినా పారేసే అలవాటు లేదు.

“పెద్ద చదువు చదువుతున్నావుగా, ఇది తేల్చు,” అంది వదిన. “ఏడాది పాటు ప్రతి గురువారం సాయంత్రం ఎక్కడికో వెళ్ళి గంటన్నరకి వచ్చేవారు. అడిగితే ‘ఊరికే అలా’ అనేవారు.”

ఆమె టికెట్లు తిప్పి చూసింది. అన్నీ తొమ్మిదో నంబరు బస్సువే, అన్నీ పద్నాలుగో స్టేజీకే.

“ఎవతో ఉంది,” అంది వదిన. “చివరి రెండు నెలలూ గడప దాటలేదు. గోడకేసి చూస్తూ కూర్చునేవారు. అది మొహం మీదే తలుపేసి ఉంటుంది. ఆ దిగులుతోనే పోయారు. దొరికితే జుట్టు పట్టుకుని అడుగుతాను, నా మనిషిని ఏం చేశావే అని.”

“ఛ, అన్నయ్య అలాంటివాడు కాదు వదినా.”

“ఆ మాట నాలుగేళ్ళ కిందట అని ఉంటే ఆయన ఉద్యోగం నిలిచేది.”

గోడౌన్‌లో సరుకు పోయినప్పుడు విచారణవాళ్ళు ఆమెనే అడిగారు, మీ అన్న కదా, మంచివాడేనా అని. “ఆధారాలు చూసి చెప్పాలి” అందామె. ఉద్యోగ ధర్మం అనుకుంది. ఏడాది తిరక్కుండా అసలు దొంగ దొరికాడు. అన్నయ్య ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. క్షమించమని అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు. రేపు వెళ్దాం, మాపు వెళ్దాం అనుకుంటూ ఉండగానే కబురొచ్చింది.

వదిన వెళ్ళాక, క్లాసులో నేర్పినట్టు, తోచిన ఊహలన్నీ రాసి పట్టిక గీసింది. ఇంకో ఇల్లుంటే గంటన్నరకే తిరిగి రాడు. పేకాటకైతే నలుగురు స్నేహితులుండాలి, అన్నయ్యకి ఒక్కడూ లేడు. ఆసుపత్రికైతే మందుల చీటీ ఉండాలి, ఊచకి లేదు. ఒక్కొక్కటే కొట్టేసింది. చివరికి పట్టికలో ఏమీ మిగల్లేదు.

గురువారం క్లాసు ఎగ్గొట్టి, కారు ఇంట్లోనే వదిలి, అన్నయ్య ఎక్కిన టైముకే తొమ్మిదో నంబరు బస్సెక్కింది. బస్సు సందులన్నీ తిరిగి తిరిగి పద్నాలుగో స్టేజీలో దించింది. అక్కడ ఓ టీ కొట్టు, దాని ముందు బెంచీ. ఎదురుగా పొడుగాటి గోడ. గోడ అవతల రెండో అంతస్తులో దీపాలు వెలుగుతున్నాయి. ఎక్కడో చూసినట్టుందే అనుకుంది. తీరా చూస్తే అది తన తరగతే. ఎప్పుడూ ముందు గేటులోంచి కారులో వెళ్ళే మనిషి, కిటికీలోంచి తప్ప ఈ సందు చూసింది లేదు.

ఫోనులో అన్నయ్య ఫొటో తెరిచి టీ కొట్టు పెద్దాయనకి చూపించింది.

“అయ్యో, ఈయనా! ఎలా ఉన్నాడు తల్లీ?”

“పోయాడు. మా అన్నయ్య.”

పెద్దాయన గ్లాసు కింద పెట్టేశాడు. “అయితే ఆ చెల్లెలివి నువ్వేనా! పైన చదువుకుంటోంది, పెద్ద ఆఫీసరు, ఈ వయసులోనూ పుస్తకం వదల్లేదు అని మురిసిపోయేవాడు. కాస్త కనిపిస్తే చాలనేవాడు. వెళ్ళి పలకరించవయ్యా అంటే, పరీక్షలు కానీ, ఇప్పుడు దాని మనసు పాడుచెయ్యకూడదు అనేవాడు.”

ఆమె బెంచీ మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు. అన్నయ్య క్షమించాడు! ఈ మాట వదినకి చెప్పాలి.

“మరి రావడం ఎందుకు మానేశాడు?” అని అడిగింది, కళ్ళు తుడుచుకుని.

“మానేశాడా? కాలేజీ గార్డులొచ్చి రెక్క పట్టుకుని లేపేశారు. నలుగురిలో అవమానం. మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు పాపం.”

ఆమె చివాలున లేచింది. “ఎవరా గార్డులు? పేర్లు చెప్పండి, రేపే పైకి రాస్తాను!”

“వాళ్ళనేం లాభం తల్లీ, చెప్పింది చేశారు.” పెద్దాయన వంగి బల్ల కింద వెతికాడు. “ఆ కంగారులో ఇది వదిలేసి వెళ్ళాడు. వస్తే ఇద్దామని దాచాను.”

దుమ్ము దులిపి ఆమె చేతిలో పెట్టాడు.

నల్ల గొడుగు, ఎడమవైపు ఆకుపచ్చ మాసిక.