చర్మం లేని బాతు

"దీనికి చర్మం ఏదమ్మా?" మట్టికుండలోకి తొంగిచూసి అడిగాడు జిన్‌ష్వే.

"తీసేశాను మామయ్యా."

"తీసేసి?"

"పక్కింటి కుక్కకు వేశాను."

జిన్‌ష్వే గుండె పట్టుకున్నాడు. కోడలు యాచిన్ గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"నాకేం కాలేదులే," అంటూ ఆయన పీట మీద కూలబడ్డాడు. "నా బాధ మా అమ్మ గురించి. తద్దినం పూట ఆవిడ ముందు బోడి బాతును పెడతావా?"

ఆ గుండె పోయిన వేసవిలో ఒకసారి మొరాయించింది. మళ్లీ కొవ్వు జోలికి వెళ్తే తాను చేయగలిగిందేమీ ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు. నాన్నను నీ చేతుల్లో పెడుతున్నానని చెప్పి భర్త ఓడ ఎక్కాడు. అప్పటినుంచీ యాచిన్ ఆవిరి మీద ఉడికించిన చేపా, చప్పటి గంజీ పెట్టి మామగారిని కాపాడుకొస్తోంది. మిగిలింది ఈ ఒక్క గండం. చలికాలం వస్తే ఈ చ్వాన్‌జౌ ఊళ్లో అల్లం బాతు వండని ఇల్లుండదు. ఈ ఇంట్లో అయితే మామగారి తల్లి తిథినాడు అది పైన నూనె తేలుతూ, చర్మం నిగనిగలాడుతూ ఉండి తీరాలి. అత్తగారు బతికున్నన్నాళ్లూ అలాగే వండింది. పైగా పెద్దలకు పెట్టినదాన్ని కొడుకు తినకుండా వదిలేస్తే అపచారమంటాడు జిన్‌ష్వే.

కాదనడానికి ఆ ముసలమ్మను చూసినవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆయన పెళ్లికి ముందే ఆవిడ పోయింది.

అందుకే యాచిన్ పట్టుదలగా ముందురోజే పని మొదలుపెట్టింది. బాతును చర్మం ఒలిచి ఉడికించి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే పైన గడ్డకట్టిన తెల్లటి కొవ్వునంతా తోడి పారేసింది. ముదురు అల్లం ముక్కలను చెంచాడు నువ్వుల నూనెలోనే ఓపిగ్గా వేయించింది. కాస్త బియ్యపు సారా, గుప్పెడు ఎండు పుట్టగొడుగులు వేసి సన్నని సెగ మీద పెట్టింది. ఇప్పుడు ఆ ఘుమఘుమలు వీధి దాకా వెళ్తున్నాయి.

"వాసన బాగానే ఉంది," జిన్‌ష్వే ఒప్పుకున్నాడు. "కానీ మా అమ్మ చివరి రోజుల్లో మంచాన పడి ఏమందో తెలుసా? 'ఒరేయ్, బాతు చర్మం ఒక్క ముక్క నోట్లో పెట్టరా' అంది. ఆ కరువులో బాతు ఎక్కణ్ణించి తేను? పెట్టలేకపోయాను."

యాచిన్‌కు కళ్లు చెమర్చాయి. ఏటా ఒక్కరోజు, అదీ తల్లి ఆఖరి కోరిక. కాదనడానికి నోరెలా వస్తుంది? ఆమె గోడ మీది ఫోటో వైపు చూసింది. చేతిలో జపమాలతో, బక్కపలచని ముసలమ్మ చల్లగా చూస్తోంది.

"వీధి చివర దుకాణంలో చర్మంతో ఉన్న బాతు దొరుకుతుంది. నేను పట్టుకొస్తా," ఆయన లేవబోయాడు.

"కూర్చోండి! మీరు గుమ్మం దాటితే నా మీద ఒట్టే."

"అయితే నువ్వే వెళ్లు, తొందరగా. మా అక్క వచ్చేలోపు ఈ తంతు అయిపోవాలి. అసలే దాని నోరు మంచిది కాదు. నీ వంటకు వంకలు పెడుతుంది."

అక్క చూహ్వా మనీలాలో ఉంటుంది. యాచిన్ కాపరానికి వచ్చాక ఆవిడ ఈ ఊరు రావడం ఇదే మొదటిసారి. తనను మాట పడనివ్వకూడదని మామగారు ఇంత ఆరాటపడుతున్నారని యాచిన్‌కు ఆయన మీద జాలేసింది. జాలి వేరు, గుండె వేరు.

"నాయనమ్మగారినే అడుగుదాం," అంది. "ఆవిడ వద్దంటే నేనే వెళ్లి చర్మమున్న బాతు తెస్తాను. సరేనంటే మాత్రం ఇకమీదట ఏటా ఇదే. మీరు మారు మాట్లాడకూడదు."

ఆయన కాసేపు గునిసి, తలూపాడు.

కుండ ఫోటో ముందు పెట్టి, అగరొత్తులు వెలిగించి, యాచిన్ నెలవంక ఆకారంలో ఉన్న ఎర్రటి చెక్కలు రెండూ చేతిలోకి తీసుకుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే పెద్దలు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు.

"నాయనమ్మా, ఈ బాతు మీకు నచ్చిందా?"

చెక్కలు రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే, ముసలమ్మ నవ్వుతోందన్నమాట.

"చూశావా? నీ వంట చూసి నవ్వుతోంది!" జిన్‌ష్వే తొడ చరిచాడు.

యాచిన్ మళ్లీ వేసింది. మళ్లీ నవ్వే.

"కడుపుబ్బ నవ్వుతోంది! ఇక లే, దుకాణానికి వెళ్లు."

యాచిన్ లేవలేదు. చెక్కలను గుండెలకు హత్తుకుని కళ్లు మూసుకుంది. "నాయనమ్మా, నాకు బాతు ముఖ్యం కాదు. మీ అబ్బాయి పదికాలాలు ఉండాలి. ఇకమీదట ఆయనకు ఇలాగే వండిపెడతాను. సరేనా?"

ఒకటి బోర్లా పడింది. ఒకటి వెల్లకిలా పడింది.

జిన్‌ష్వే మొహం వాడిపోయింది. "ఏం తల్లివే నువ్వు," అని ఫోటో మీద విసుక్కుంటుండగానే గుమ్మంలో పెట్టె చప్పుడైంది.

"ఏరా, బతికే ఉన్నావా?" అంటూ చూహ్వా లోపలికొచ్చింది. జిన్‌ష్వే చటుక్కున కుండ మీద మూత పెట్టబోయాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆవిడ ముక్కు ఎగబీల్చి, కుండకేసీ ఫోటోకేసీ చూసి, తమ్ముడి మీద ఇంతెత్తున లేచింది.

"అమ్మ జన్మలో ఎన్నడైనా మాంసం ముట్టిందట్రా?"