వేడెక్కని పలక

"నువ్వు నాకిచ్చింది సచ్చిన సున్నం, బాషా! ఈ ముసురులో నా నోటికాడ కూడు తీసేసినావు కదప్పా!"

పూతలపట్టు సంతలో పదిమందీ వింటుండగా కుమ్మరి మునిరామయ్య అరిచాడు. వలి బాషాకు తల కొట్టేసినట్టయింది. సున్నం, రంగులు, ప్లాస్టర్ పొడి అమ్ముకునే మనిషి అతను. తాతల నుంచి వచ్చిన ఆస్తి ఏమీ లేదు, మంచి పేరు తప్ప. కల్తీ అన్న మాట ఒక్కసారి అంటుకుందంటే ఇక ఏ సంతలోనూ సంచి దించలేడు.

యుద్ధం ముగిసిన మరుసటేడు అది. చిత్తూరులో కొత్తగా జాడీల కార్ఖానా పెట్టిన ఆసామి మునిరామయ్యకు ఆశ పెట్టాడు. ప్లాస్టర్ పలక ఒకటి సొంతంగా పోసుకొస్తే పనిస్తానన్నాడు. ఆ పలక మీద పరిస్తే తడిమట్టిలోని నీళ్లన్నీ అదే పీల్చేస్తుంది, వానల్లో కూడా పని ఆగదు. పోసిన అరగంటకు పలక దానంతటదే వేడెక్కాలని, ఎక్కకపోతే సరుకు చెడ్డదని, పారెయ్యమని కూడా చెప్పాడు.

బాషా దగ్గర కొన్న పొడితో మునిరామయ్య రెండు పలకలు పోశాడు. రెండూ పారేశాడు.

"మూడోది నీ కండ్ల ముందరే పోస్తా. దా!"

బాషా తలెత్తుకునే వెళ్లాడు. తన సరుకు సంగతి తనకు తెలుసు.

మునిరామయ్య ఇంటిముందు అప్పటికే ఊరు మూగింది. మునసబు మంచం వేయించుకుని కూర్చున్నాడు. చేతులకు స్పర్శ పోయిందని, అది కుష్ఠు, పెద్దరోగమని పెంచలయ్యను పోయినేడు పెళ్లాంబిడ్డలతో సహా ఊరు దాటించిన మహానుభావుడాయన. జాలి ఆయన ఇంటి ఛాయలకు రాదు.

"తప్పు తేలిందంటే ఈ సంతలో నీకు సోటు లేదు, బాషా" అన్నాడు.

మునిరామయ్య నీళ్లలో పొడి చల్లి, బుడగ లేకుండా కలిపి, చెక్క చట్రంలో పోశాడు. అందరూ కాచుకున్నారు. పలక గట్టిపడింది. అతను అరచెయ్యి ఆనించాడు.

"సూడండి, నీళ్లలో రాయి మాదిరి సల్లగుండాది! ఏమే, ఆ రెండూ ఎట్లున్నెనో సెప్పు."

అతని భార్య కుప్పమ్మ తల దించుకుంది. "అవీ సల్లగానే ఉన్నె."

మునసబు మంచం దిగబోయాడు.

"ఉండండి సామీ, నా సరుకు నేనే సూస్తా" అంటూ బాషా ముందుకొచ్చి పలక మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తలెత్తితే ఎదురుగా కుప్పమ్మ, రెప్ప వాల్చకుండా తననే చూస్తోంది.

"తప్పు నాదే" అన్నాడు. "సల్లగానే ఉండాది. సెడిపోయిన సరుకు అమ్మినాను."

ఎవరో కాండ్రించి ఉమ్మేశారు. ఇంకెవరూ దగ్గరికి రాకముందే బాషా కడవెడు నీళ్లు పలక మీద కుమ్మరించి, పార అందుకుని దాన్ని ముక్కలు చేశాడు.

"రేపు పొద్దున్నే నాతో చిత్తూరికి రాప్పా" అన్నాడు మునిరామయ్యతో, మెల్లగా. "నీకు కావాల్సింది ఆడ ఇప్పిస్తా."

"ఇంగా నీ మాట నమ్మాల్నా?"

బాషా సంచి భుజాన వేసుకుని నడిచాడు. మగవాడై ఉండీ ఏడుపు ఆగలేదు అతనికి. తాత సంపాదించిన పేరు ఒక్క పూటలో పోయింది.

వీధి మలుపు తిరిగాక, వెనకే పరుగెత్తుకొచ్చిన కుప్పమ్మ, పలక వేడికి కాలి ఎర్రగా కందిపోయిన అతని అరచేతి మీద చెంబుతో చన్నీళ్లు పోసింది.