గడ్డి కూరిన దూడ

ఒక పాకలో ఒక గేదె ఉండేది. ఈనిన వారానికే దాని దూడ చచ్చిపోయింది. దూడ ఎదుట లేకపోతే గేదె పొదుగులోకి పాలు చేపదని, యజమాని ఆ దూడ తోలు ఒలిపించి, లోపల వరిగడ్డి కూరి, కుట్టించి తెచ్చి నిలబెట్టాడు. గేదె దాన్ని వాసన చూసి, నాకి, పాలు చేపింది. "పిచ్చిగొడ్డు, ఇట్టే మోసపోయింది" అని నవ్వుకుంటూ అతను చెంబు నింపుకుపోయాడు.

పక్క గుంజకు కట్టిన మేక మూతి విరిచింది. "నిన్నంతా అరిచి అరిచి ఏడ్చావు. ఇవాళ గడ్డిబొమ్మను నాకుతున్నావు. నీ ఏడుపు ఇంతేనా గేదక్కా?"

గేదె నాకడం ఆపలేదు. "రోజూ గడ్డి తినేదాన్ని, గడ్డి వాసన నాకు తెలీదా? లోపల ఉన్నది గడ్డే. తోలు మాత్రం నా బిడ్డది."

"మరి ఆయన నిన్ను పిచ్చిదానివంటున్నాడే?"

"అననీ. పిచ్చిదాన్ననుకున్నన్నాళ్ళే దీన్ని నా దగ్గర ఉంచుతాడు. నాకు తెలుసని వాడికి తెలిసిందంటే పెంట మీద పారేస్తాడు. వాడికి కావలసింది పాలేగా."

తెల్లారి యజమాని చెంబు పట్టుకుని, "రావే పిచ్చిమొహమా" అంటూ నవ్వుతూ వచ్చాడు. గేదె పిచ్చిదానిలాగే తల ఊపి, బిడ్డ చెవి నాకసాగింది. మేక ఆ మనిషి మొహం చూడలేక అటు తిరిగి నిలబడింది.