గుమ్మంలో సైకిల్

"నిజం చెప్పు నూకరాజూ! నా సైకిలేదీ?"

"నాకు తెలీదండి బాబూ. పొద్దుట్నించీ పందిరి రాటలు పాతుతున్నానండి."

"ఇక్కడున్నది నువ్వొక్కడివే. పోలీసుల్ని పిలుస్తాను," అంటూ శేషగిరి ఫోన్ తీశాడు. కొత్తపేట నుంచి అమలాపురం దాకా ఆ ఖరీదైన గేర్ల సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, గంట క్రితమే మామగారి గుమ్మంలో పెట్టాడు.

మామగారు సుబ్బారాయుడు పరుగున వచ్చి అతన్ని పక్కకి లాగారు.

"గోల చెయ్యకండి అల్లుడుగారూ. పెరట్లో కొబ్బరిపీచు దాచే కొట్లో నేనే పెట్టేను."

"ఎందుకండీ?"

"మీ మరదలి తాంబూలాలకి మగపెళ్ళివారు వచ్చేస్తున్నారు. పెద్దల్లుడు సైకిల్ మీద వచ్చేరంటే ఏమనుకుంటారు?"

"దాని ఖరీదు మీకు తెలుసు కదండీ!"

"ఆయ్, నాకు తెలుసు. దానిమీద రాసుండదు కదండీ."

శేషగిరి విసవిసా కొట్లోకి వెళ్ళి, పీచంటుకున్న సైకిల్‌ని తెచ్చి మళ్ళీ గుమ్మంలోనే నిలబెట్టాడు. వీధి మలుపులో కార్ల హారన్లు వినిపించాయి.

నూకరాజు రాట వదిలి దగ్గరికొచ్చాడు.

"లోపల పెట్టి తాళం వేసుకోండి బాబూ," అన్నాడు మెల్లగా. "మళ్ళీ కనబడకపోతే నన్నే అడుగుతారండి."